వేయిస్తంభాల గుడికి రాత్రి పూట ఎంత వెలుగు కావాలి?

క్లుప్తంగా: పాత కట్టడానికి రాత్రి దీపాలంకరణ చేసేటప్పుడు ఎన్ని లైట్లు పెట్టాలన్నది చివర తేలే లెక్క. చుట్టుపక్కల వీధి ఎంత వెలుగుతోంది, రాయి వెలుతురును ఎంత తిప్పి పంపుతుంది, వెలుతురు ఏ వైపు నుంచి పడుతుంది అన్న మూడు విషయాలు ముందు తేలాలి. ఓరుగల్లు కట్టడాల్లో ఎక్కువ భాగం నల్లరాయి, గ్రానైట్. వాటి ముందు ఫ్లడ్ లైట్లు పెంచుకుంటూ పోతే కరెంటు ఖర్చవుతుంది తప్ప శిల్పం కనిపించదు. ఏ భాగాన్ని చీకట్లో ఉంచాలో, చుట్టూ ఏ లైట్లను తగ్గించాలో నిర్ణయించడమే ఈ పనిలో అసలు డిజైన్.

వరంగల్ కోట తోరణాలకు, హన్మకొండ వేయిస్తంభాల గుడికి, పాలంపేట రామప్పకు లైటింగ్ అనే మాట వచ్చినప్పుడల్లా రెండు వాదనలు వినిపిస్తాయి. ఇంత గొప్ప కట్టడం రాత్రి చీకట్లో పడి ఉండడం ఏమిటని ఒకటి. గుడిని పెళ్లి పందిరి చేస్తున్నారని ఇంకొకటి. రెండింటిలోనూ న్యాయం ఉంది. అయితే రెండు వాదనలూ వెలుగు కావాలా వద్దా అన్న దగ్గరే ఆగిపోతాయి. ఎక్కడ, ఎంత, ఏ కోణంలో అన్న ప్రశ్నలకు జవాబు దొరికితే ఈ గొడవలో చాలా భాగం సర్దుకుంటుంది.

ఈ చర్చకు నేపథ్యం ఉంది. వారసత్వ నగరాల కోసం కేంద్రం 2015లో మొదలుపెట్టిన హృదయ్ పథకానికి ఎంచిన 12 నగరాల్లో వరంగల్ ఒకటి. 2016లో స్మార్ట్ సిటీ జాబితాలోకీ వచ్చింది. 2021 జులైలో రామప్పకు యునెస్కో గుర్తింపు దక్కింది. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని రాళ్లు విప్పి, మళ్లీ పేర్చి, ఏళ్ల తరబడి సాగిన పని తర్వాత 2024 మార్చిలో శివరాత్రి నాడు తెరిచారు. పర్యాటకులు సాయంత్రం దాకా ఉండాలంటే, రాత్రి ఈ ఊళ్లోనే బస చేయాలంటే, చీకటి పడ్డాక చూడటానికి ఏదో ఒకటి ఉండాలి. లైటింగ్ ప్రతిపాదనలకు మూలం ఈ లెక్కే.

కన్ను తేడానే చూస్తుంది

ఒక ఉపరితలం మీద ఎంత వెలుతురు పడుతోందో లక్సుల్లో కొలుస్తారు. నడివేసవి మధ్యాహ్నం ఎండ దాదాపు లక్ష లక్సులు. పౌర్ణమి వెన్నెల లక్సులో నాలుగో వంతుకు అటూఇటూ. ఇంత అంతరం ఉన్నా మనిషి కన్ను రెండింటిలోనూ పని చేస్తుంది. వెన్నెల్లో గుడి గోపురం కనిపిస్తుంది, దారి కనిపిస్తుంది, ఎదుటి మనిషి కూడా కనిపిస్తాడు. కన్ను తనను తాను చుట్టూ ఉన్న వెలుతురుకు సర్దుకుంటుంది. దాన్నిబట్టి పక్కదానికంటే ఏది ఎక్కువగా వెలుగుతోందో అది ప్రధానంగా కనిపిస్తుంది.

కాబట్టి ఒకే గుడికి ఊరి బయట సరిపోయిన వెలుతురు ఊరి నడుమ సరిపోదు. అంతర్జాతీయ ప్రకాశ కమిషన్ 1993లో ఇచ్చిన ఫ్లడ్ లైటింగ్ మార్గదర్శకంలోని అంకెలు ఈ సంగతినే చెబుతాయి. తెల్ల పాలరాయి లాంటి లేత రాయికి చీకటి పరిసరాల్లో 20 లక్సులు, మధ్యస్థంగా ఉన్నచోట 30, బాగా వెలిగే చోట 60 సూచించారు. ముదురు గ్రానైట్ లాంటి రాయికి అదే వరుసలో 100, 150, 300. ఈ అంకెలు ఎల్‌ఈడీలు రాకముందువి. ఇప్పటి డిజైనర్లు చాలామంది ఇంతకంటే తక్కువతోనే పని కానిస్తున్నారు. కానీ నిష్పత్తి మారలేదు. ముదురు రాయికి లేత రాయికంటే అయిదింతలు కావాలి. వీధి బాగా వెలుగుతుంటే మళ్లీ మూడింతలు.

దీన్ని మన ఊళ్లకు అన్వయిస్తే సంగతి తేటపడుతుంది. రామప్ప గుడి చుట్టూ పొలాలు, చెరువు, అడవి అంచు. రాత్రి అక్కడ వెలుతురు పోటీ పెద్దగా లేదు. వేయిస్తంభాల గుడి పరిస్థితి వేరు. రోడ్డు మీద బండ్ల హెడ్‌లైట్లు, దుకాణాల బోర్డులు, వీధి దీపాలు ఆగకుండా వెలుగుతూనే ఉంటాయి. ఆ గుడి రామప్ప అంత హాయిగా కనిపించాలంటే ఒక దారి అక్కడ మూడింతల వెలుతురు వేయడం. రెండో దారి గుడికి ఎదురుగా ఉన్న వీధి దీపాలకు తొడుగులు పెట్టి వెలుతురు రోడ్డు మీదికే దిగేలా చేయడం, దగ్గరలో హైమాస్ట్ (ఎత్తైన స్తంభం మీది దీపాల గుత్తి) ఉంటే దాని తల మార్చడం, ఎల్‌ఈడీ హోర్డింగుల వెలుగును రాత్రి వేళ తగ్గించమనడం. రెండో దారికి పెద్దగా డబ్బు అక్కర్లేదు. కానీ మున్సిపాలిటీ, విద్యుత్ సంస్థ, దుకాణదారులు, పురావస్తు శాఖ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. అది కష్టం గనుకే చాలాచోట్ల మొదటి దారి పడతారు. తర్వాత పక్కవాడూ బోర్డు వెలుగు పెంచుతాడు. ఈ పోటీకి అంతం ఉండదు.

నల్లరాయి మాట వినదు

కాకతీయుల శిల్పులు వాడిన రాళ్లలో ప్రధానమైనవి గ్రానైట్, నల్లరాయిగా పిలిచే డోలరైట్, ఇసుకరాయి. లైటింగ్ కోణంలో చూస్తే ఈ మూడూ మూడు రకాలు.

కొత్తగా సున్నం కొట్టిన గోడ తన మీద పడిన వెలుతురులో ముప్పాతిక దాకా తిప్పి పంపుతుంది. నల్లరాయి పంపేది అందులో పదో వంతు లేదా ఇంకా తక్కువ. మిగిలినదంతా రాయి మింగేస్తుంది. పైగా కాకతీయ శిల్పులు డోలరైట్‌ను ఇలా అలా చెక్కి వదల్లేదు. స్తంభాలను, నందిని, రామప్పలో మదనికలు అనే స్త్రీ శిల్పాలను అద్దంలా నునుపు పెట్టారు. గరుకు రాయి వెలుతురును అన్ని దిక్కులకూ చెదరగొడుతుంది. నునుపు రాయి అద్దంలా ఒకే దిక్కుకు విసురుతుంది.

వేయిస్తంభాల గుడికీ కల్యాణ మండపానికీ నడుమ ఉన్న నందినే తీసుకుందాం. ఎదురుగా నేలలో ఒక ఫోకస్ లైటు పెట్టి నంది మీదికి తిప్పారనుకోండి. నంది ఒళ్లంతా వెలగదు. భుజం దగ్గర, మూపురం వంపులో, ముట్టె మీద తెల్లటి చుక్కల్లా లైటు ప్రతిబింబాలు మెరుస్తాయి. ఆ చుక్కల మధ్య ఒళ్లు మునుపటికంటే నల్లగా అనిపిస్తుంది, ఎందుకంటే కన్ను ఆ మెరుపుకు సర్దుకుంటుంది. మెడలోని గంటల దండ, చెక్కిన పట్టీలు అసలు తేలవు. లైటు పవర్ రెట్టింపు చేస్తే చుక్కలు రెట్టింపు మెరుస్తాయి, నంది మాత్రం అక్కడే ఉంటుంది.

ఇలాంటి రాయికి రెండు ఉపాయాలు పని చేస్తాయి. ఒకటి, చిన్న లైటుకు బదులు వెడల్పాటి, మెత్తని వెలుగు ఇవ్వడం. అప్పుడు ప్రతిబింబం కూడా చుక్కలా కాకుండా ఒక పొడవాటి మెరుపు గీతలా పడి, రాయి వంపు తెలుస్తుంది. పగలు ఆకాశం చేసే పని ఇదే. రెండోది, ఇంకా మంచిది, రాయి వెనక వెలుగు పెట్టడం. మండపం లోపలి కప్పు మీదికి, కంటికి కనిపించని చోటు నుంచి సన్నటి వెలుతురు వేస్తే లోపలంతా ఒక పలచని కాంతి నిండుతుంది. ముందున్న స్తంభాలు నల్లగా, అంచులు పదునుగా నిలబడతాయి. కుదురు, నడుము, పలక, మళ్లీ గుండ్రం అంటూ స్తంభం ఆకారం మారే తీరంతా ఆ అంచులోనే చదువుకోవచ్చు. నల్లరాయిని తెల్లగా చూపించాలన్న పట్టు వదిలేస్తే చాలా తక్కువ కరెంటుతో పని జరుగుతుంది.

ఇసుకరాయి కథ వేరు. రామప్ప బయటి గోడలకు వాడిన లేత ఎరుపు ఇసుకరాయి గరుకుగా ఉండి వెలుతురును సమంగా పంచుతుంది. దానికి తక్కువ లక్సులు చాలు. అదే గుడిలో మదనికలు నల్లని డోలరైట్. గోడకు సరిపోయిన వెలుతురులో మదనిక నల్లటి మచ్చ అయిపోతుంది, మదనికకు సరిపోయేంత వేస్తే గోడ వెలిసిపోతుంది. ఒకే లైటుతో రెండింటినీ గెలవడం కుదరదు. వేర్వేరు లైట్లు, వెలుగు తగ్గించే వేర్వేరు డిమ్మర్లు కావాలి.

కోటలో ఖుష్ మహల్‌ది మూడో రకం. ఒకప్పుడు వరంగల్‌ను ఏలిన షితాబ్ ఖాన్ పేరుతో ముడిపడిన ఈ మహలుకు శిల్పాలు లేవు, ఉన్నది పెద్ద పెద్ద గోడలు, కమానులు. గోడలు పైకి వెళ్లేకొద్దీ లోపలికి వాలి ఉంటాయి. నిట్టనిలువు గోడకు పెట్టినట్టు అడుగున లైటు పెడితే వెలుగు గోడను వదిలేసి ఆకాశంలోకి పోతుంది. లైటును గోడకు మరీ దగ్గరగా పెడితే ఇంకో చిక్కు. గోడను రాసుకుంటూ వెళ్లే వెలుతురు ప్రతి ఎగుడుదిగుడునూ పెద్దది చేసి చూపిస్తుంది. చెక్కిన రాతికి అది వరం. అతుకులు వేసి పూత పూసిన గోడకు మాత్రం ప్రతి మరమ్మతునూ ఎత్తి చూపినట్టవుతుంది.

కింది నుంచి వేసే వెలుగు

శిల్పి పగటి వెలుగులో చెక్కాడు. ఎండ పైనుంచి వస్తుంది. కనుబొమ కింద నీడ, ముక్కు కింద నీడ, పెదవి కింద నీడ పడతాయని తెలిసే లోతు ఎంత ఉండాలో నిర్ణయించాడు. నేలలో పాతిన లైటు ఈ లెక్కనంతా తలకిందులు చేస్తుంది. నీడలు పైకి లేస్తాయి. గడ్డం కింద వెలుగు, కళ్ల గుంటల్లో వెలుగు, నుదుటి మీద చీకటి. చీకట్లో గడ్డం కింద టార్చి పెట్టుకుని పిల్లలు భయపెట్టేది ఇందుకే. ప్రశాంతంగా ఉండాల్సిన దేవతా ముఖం ఇలాంటి లైటులో వికారంగా మారుతుంది.

కాకతీయ గుడులకు ముందుకు చొచ్చుకొచ్చిన చూరు ఉంటుంది. పగలు ఆ చూరు పైభాగం మెరిసి, కింద దట్టమైన నీడ పడుతుంది. ఆ నీడే గుడికి బరువును, చల్లదనాన్ని ఇస్తుంది. కింది నుంచి లైటు వేస్తే మొదట మెరిసేది చూరు అడుగు. పగలు ఎవరి కంటా పడని ఆ భాగం రాత్రికి అన్నిటికంటే ప్రకాశవంతమవుతుంది. చూరు దాటి పైకి వెలుగు పోదు, విమానం, అంటే గర్భగుడి మీది శిఖరం, చీకట్లో కలుస్తుంది. దాంతో గుడి రెండు ముక్కలై, పైముక్క మాయమైనట్టు ఉంటుంది. అది చూసి పైకి మరో వరస లైట్లు పెడతారు. వాటి వెలుగులో సగం ఆకాశానికే.

పైనుంచి వేయాలంటే స్తంభం కావాలి. గుడి ఆవరణలో ఎత్తైన స్తంభం పాతితే పగలు అదే కంటికి అడ్డం. దూరంగా, చెట్ల వెనక, ప్రహరీ బయట పెడితే అడ్డం తగ్గుతుంది గానీ దూరం రెట్టింపైతే అందే వెలుతురు నాలుగో వంతే. అప్పుడు పది డిగ్రీల లోపు సన్నటి బీమ్ ఇచ్చే లైట్లు వాడాలి. అవి ఖరీదు, వాటి గురి కూడా అంగుళం తప్పకూడదు. ఏ కోణమూ పూర్తిగా లాభం కాదు. చాలా మంచి పనుల్లో పైనుంచి పలచని వెలుగు, లోపలి నుంచి కాంతి, కింది నుంచి ఒకటి రెండు చోట్ల మాత్రమే చిన్న మెరుపు అనే కలయిక కనిపిస్తుంది.

తోరణం ప్రత్యేకం

కోటలోని కీర్తి తోరణాలు నాలుగూ స్వయంభూ శివాలయ శిథిలాల చుట్టూ నాలుగు దిక్కుల్లో నిలబడి ఉన్నాయి. తెలంగాణ రాజముద్రలో ఉన్నది ఈ తోరణమే. ఊరికి గుర్తుగా వాడుకున్నంతగా దీన్ని రాత్రి పూట చూపించడం ఎందుకు కష్టమో ఆలోచిస్తే కారణం దాని ఆకారంలోనే ఉంది. తోరణానికి గోడ లేదు. రెండు వైపులా స్తంభాలు, పైన అడ్డ దూలం, వేలాడే మొగ్గలు, కొసల్లో హంసలు, నడుమంతా ఖాళీ. ముందు నుంచి ఫ్లడ్ లైటు వేస్తే రాయి మీద పడేది కొంతే. మిగిలిందంతా ఖాళీలోంచి దూసుకుపోయి అవతల నిలబడి ఉన్నవాళ్ల కళ్లలో కొడుతుంది. నాలుగు తోరణాలు ఒకదానికొకటి ఎదురెదురుగా ఉన్నాయి కాబట్టి ఒకదానికి వేసిన లైటు ఎదుటి తోరణం చూసేవాడికి కళ్లు మిరుమిట్లు గొలిపే గ్లేర్ అవుతుంది.

ఇలాంటి కట్టడానికి ప్రపంచానికి బాగా తెలిసిన ఉదాహరణ పారిస్‌లోని ఐఫిల్ టవర్. దానికీ గోడలు లేవు. దశాబ్దాల పాటు బయటి నుంచి ఫ్లడ్ లైట్లు వేశారు. 1985 చివర పియేర్ బిడో అనే ఇంజినీరు లైట్లను టవర్ లోపలికి మార్చి, ఇనుప జాలీని లోపలి నుంచి వెలిగించాడు. ఆ రూపమే ఇప్పుడు అందరికీ తెలిసిన బంగారు రంగు టవర్. 2022లో కరెంటు పొదుపు కోసం ఆ లైట్లను రాత్రి 11.45కే ఆర్పడం మొదలుపెట్టారు.

తోరణానికి లోపలి భాగం అంటూ లేదు కాబట్టి ఆ పద్ధతిని ఉన్నది ఉన్నట్టు తేలేం. అందులోని సూత్రం మాత్రం పనికొస్తుంది: వెలుగు కట్టడం మీదే ఆగాలి. స్తంభం మొదలు దగ్గర, నాలుగు తోరణాల మధ్య ఉన్న ఆవరణ వైపు కనిపించకుండా, తేనెపట్టు లాంటి జాలీ తొడిగిన సన్నని బీమ్ లైట్లు పెట్టి స్తంభాన్ని నిలువునా రాస్తే దూలం, హంసలు అంచుల్లో మెరుస్తాయి. నాలుగింటినీ ఒకే స్థాయిలో వెలిగించాల్సిన అవసరమూ లేదు. సందర్శకుడు వచ్చే దారి ఎదుట ఉన్న తోరణం కాస్త ఎక్కువ, మిగతావి తక్కువ, నడుమ శిథిలాల్లో నేలను తాకే పలచటి వెలుగు. శిథిలాలన్నీ ఫుట్‌బాల్ మైదానంలా వెలిగితే రాళ్ల గుట్టే కనిపిస్తుంది గానీ కట్టడం కనిపించదు.

కోటలో జరిగే సౌండ్ అండ్ లైట్ షోను దీనితో కలపకూడదు. అది కాసేపు నడిచే కథ, దానికి రంగులు, కదలిక అవసరం. రోజూ ఉండే లైటింగ్ కట్టడానికి ఒంటి మీది బట్ట లాంటిది. ఒకే సామానుతో రెండూ చేద్దామని చూస్తే షోకు వేసిన రంగుల లైట్లే రాత్రంతా వెలుగుతూ మిగిలిపోతాయి.

రంగుల పంచాయితీ

రంగు గురించిన వాదన సాధారణంగా అభిరుచి మీద నడుస్తుంది. దాని వెనక భౌతికశాస్త్రం కూడా ఉంది. ఎర్రటి రాయి ఎర్రగా కనిపించేది అది తెల్లని వెలుతురులోని ఎరుపును ఎక్కువగా తిప్పి పంపి, నీలాన్ని మింగేయడం వల్ల. అలాంటి రాతి మీద నీలం లైటు వేస్తే తిప్పి పంపడానికి దానికి దాదాపు ఏమీ దొరకదు. రామప్ప ఇసుకరాయి మీద నీలి వెలుగు మురికి ఊదాగా, చచ్చుబడినట్టు ఉంటుంది. ఎరుపు లైటు వేస్తే గోడంతా ఒకే ముద్దలా మారి, రాతిలోని పొరలు, ఛాయలు పోతాయి. రంగు లైటు ఏదైనా రాయి సొంత రంగును కప్పేస్తుంది.

తెలుపులోనూ తేడాలున్నాయి. వాటిని కెల్విన్లలో చెబుతారు, అంకె తక్కువైతే పసుపు ఛాయ, ఎక్కువైతే నీలం ఛాయ. నూనె దీపం వెలుగు దాదాపు 1,900 కెల్విన్లు, పాత బల్బు 2,700, వీధుల్లో విరివిగా పెడుతున్న చల్లని తెల్ల ఎల్‌ఈడీ 5,700 నుంచి 6,500. ఇసుకరాయికి 2,700 నుంచి 3,000 నప్పుతుంది. నల్ల డోలరైట్‌కు మరీ పసుపైతే రాయి గోధుమ రంగుకు తిరిగి మట్టిలా కనిపిస్తుంది. దానికి 3,000కు కాస్త పైన ఉండడం మేలు. వీటితో పాటు రంగులను ఎంత నిజాయితీగా చూపుతుందో తెలిపే సూచిక చూడాలి. పాత సోడియం దీపాల సూచిక వందకు పాతిక లోపు. వాటి కింద ఏ రాయైనా ఒకే నారింజ రంగు. ఇప్పుడు తొంభై దాటిన ఎల్‌ఈడీలు మామూలుగా దొరుకుతున్నాయి. టెండర్లో ఈ ఒక్క అంకె రాయకపోతే చవకరకం వచ్చి పడుతుంది.

పండగలకు, ప్రత్యేక సందర్భాలకు రంగు వేయడం వేరే సంగతి. 2021 అక్టోబరులో దేశంలో 100 కోట్ల టీకా డోసులు పూర్తయినప్పుడు పురావస్తు శాఖ 100 కట్టడాలను మువ్వన్నెల్లో వెలిగించింది. వాటిలో రామప్ప కూడా ఉంది. రెండు మూడు రాత్రుల రంగు వల్ల రాతికి నష్టం లేదు. ఆ రెండు రాత్రుల కోసం శాశ్వతంగా రంగుల సామాను కొని, కంట్రోలర్ పెట్టి, ఆపై రోజూ దాన్ని తిప్పుతూ ఉండడం దగ్గరే తప్పు మొదలవుతుంది. సందర్భానికి అద్దె లైట్లు తెచ్చుకోవచ్చు.

పూర్తి వ్యతిరేక ఉదాహరణ కూడా దేశంలోనే ఉంది. తాజ్‌మహల్‌ను రాత్రి చూడటానికి పౌర్ణమి నాడు, దానికి ముందు రెండు, తర్వాత రెండు రాత్రులు అనుమతిస్తారు. కట్టడానికి లైట్లు వేయరు, వెన్నెలే ఆధారం. తెల్ల పాలరాయి కాబట్టి అది సాధ్యం. వేయిస్తంభాల గుడికి అదే పద్ధతి పెడితే రూపురేఖ తప్ప ఇంకేదీ కనబడదు. కానీ రామప్ప లాంటి చీకటి పరిసరాల్లో నెలకు కొన్ని రాత్రులైనా లైట్లు ఆపి వెన్నెల్లో చూపించే ఆలోచన చేయదగినదే.

మేకు కొట్టే ముందు

వరంగల్ కోట, వేయిస్తంభాల గుడి, రామప్ప మూడూ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. 1958 నాటి చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల వరకు నిషేధిత ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. లైటు స్తంభం కోసం పునాది తవ్వాలన్నా, కేబుల్ కోసం కందకం తీయాలన్నా అనుమతి లేకుండా కుదరదు. జాప్యం అని విసుక్కునేవాళ్లుంటారు. కానీ కోటలో అడుగు లోతు తవ్వితే ఏ చెక్కిన రాయి తగులుతుందో తెలియదు. మధ్యకోట, పడమరకోటల్లో జనం నివసిస్తున్నది కూడా ఆ పాత నేల మీదే.

బిగింపుల దగ్గర ఒక నియమం ప్రపంచమంతటా ఉంది. రేపు తీసేస్తే ఆనవాలు మిగలకూడదు. రాతికి రంధ్రం పెట్టకూడదు. తప్పనిసరైతే రాళ్ల మధ్య అతుకులో పట్టుకోవాలి, అదీ స్టెయిన్‌లెస్ స్టీలు క్లాంపుతో. మామూలు ఇనుప మేకు తుప్పు పట్టినప్పుడు ఆ తుప్పు అసలు ఇనుముకు రెండింతలకు మించిన చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి రాయి లోపల్నుంచి పగులుతుంది. పదేళ్ల తర్వాత పగులు కనిపించేసరికి మేకు కొట్టిన కాంట్రాక్టరు ఎక్కడుంటాడో ఎవరికీ తెలియదు.

తొలకరి రాత్రి

డిజైన్ కాగితం మీద ఎంత బాగున్నా అసలు పరీక్ష జూన్‌లో వస్తుంది. మొదటి వానలు పడ్డ సాయంత్రం ఉసిళ్లు లేస్తాయి. నేలలో పాతిన ప్రతి లైటు మీదా వేలకొద్దీ వచ్చి పడతాయి. పొద్దున్నకు అద్దం మీద రెక్కల పొర, దాని కింద బురద. ఉసిళ్ల కోసం బల్లులు, బల్లుల వెనక సాలెగూళ్లు. శిల్పం సందుల్లో అల్లుకున్న గూళ్లు రాత్రి లైటులో రాతికంటే తెల్లగా మెరుస్తాయి. నీలం పాలు ఎక్కువున్న చల్లని తెల్ల లైటుకు పురుగులు ఎక్కువ వస్తాయి, వెచ్చని పసుపు తెలుపుకు తక్కువ. రాయి రంగు కోసం ఎంచుకున్న 3,000 కెల్విన్లు ఇక్కడా మేలే చేస్తుంది.

పాత మండపాల కప్పుల్లో ఉండే గబ్బిలాలకు సంధ్య వేళ ముఖ్యం. గూటి నోటి దగ్గర లైటు పడితే అవి ఆలస్యంగా బయటికి వస్తాయి, పురుగులు ఎక్కువగా దొరికే మొదటి గంట పోతుంది. పూర్తిగా చీకటి పడ్డాకే వెలిగించి రాత్రి పదీ పదకొండుకు ఆర్పేయడం, గబ్బిలాలున్న మూలలను వదిలేయడం అనే రెండు జాగ్రత్తలు చాలావరకు సరిపోతాయి.

నీరు ఇంకో సంగతి. నేలలో పాతే లైటుకు ఐపీ67 రేటింగ్ అడుగుతారు. మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి తడి చేరకూడదని దాని అర్థం. అయినా రెండేళ్లకు అద్దం లోపల ఆవిరి కనిపిస్తుంది. కారణం వాన కంటే వేడి. వెలిగినప్పుడు లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, ఆర్పగానే చల్లబడి బయటి తేమను కేబుల్ సందులోంచి పీల్చుకుంటుంది. రోజూ జరిగే ఈ ఊపిరితో, తడి చేరకుండా పెట్టిన రబ్బరు గాస్కెట్ ఓడిపోతుంది. వేసవిలో 45 డిగ్రీలకు దగ్గరయ్యే ఊళ్లో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. కాబట్టి వీలైన చోట లైటును నేలలో పాతకుండా, నీళ్లు నిలవని చిన్న రాతి దిమ్మె వెనక నేల మీదే పెట్టడం మంచిది.

కరెంటు బిల్లు చిన్నది, మెయింటెనెన్స్ పెద్దది

ఒక లెక్క కోసం, పాత పద్ధతిలో 400 వాట్ల మెటల్ హాలైడ్ ఫ్లడ్ లైట్లు 20 పెడితే 8 కిలోవాట్లు. రోజుకు అయిదు గంటలకు 40 యూనిట్లు. అదే గుడికి 20 వాట్ల సన్నని బీమ్ ఎల్‌ఈడీలు 60 పెడితే 1.2 కిలోవాట్లు, అయిదు గంటలకు 6 యూనిట్లు. ఎల్‌ఈడీకి 50,000 గంటల ఆయుష్షు అంటారు. రోజుకు అయిదు గంటల చొప్పున అది కాగితం మీద 27 ఏళ్లు. కానీ ముందు పోయేది ఎల్‌ఈడీ చిప్ కాదు. దానికి కరెంటును సరిచేసి అందించే డ్రైవర్ అనే భాగం పోతుంది, పిడుగుపాటుకో వోల్టేజీ పెరిగో ప్యానెల్ పోతుంది, గడ్డి కోసే మిషన్ కేబుల్ తెంపుతుంది, తోటమాలి మొక్కకు నీళ్లు పెడుతూ లైటు కోణం కదిలిస్తాడు. అరవై లైట్లలో ఆరు ఆరిపోయి, మూడు పక్కకు తిరిగిన గుడి అసలు లైట్లు లేని గుడికంటే దీనంగా ఉంటుంది.

టెండర్లలో బిగింపు ఖర్చు పెద్ద అంకెగా, నిర్వహణ మూడు నాలుగేళ్ల మాటగా ఉండడం మామూలు. ఆ గడువు తర్వాత ఎవరు చూస్తారన్నది డిజైన్ దశలోనే రాసుకోవాలి. ప్రతి లైటుకూ నంబరు, కోణం, దాని ఫొటో ఉన్న రిజిస్టరు ఒకటి, స్పేర్ డ్రైవర్లు పదిశాతం, వానలకు ముందు ఒకసారి, దసరాకు ముందు ఒకసారి గురి సరిచేసే పని. ఊళ్లోని ఎలక్ట్రీషియన్ రిపేరు చేయగలిగిన సామాను ఎంచుకోవడం కూడా డిజైనే. ఎక్కడినుంచో తెప్పించిన ఒక ప్రత్యేక కంట్రోలర్ పాడైతే గుడి మొత్తం చీకటే.

ఎంగిలిపూల నాడు

ఎంగిలిపూల బతుకమ్మ నాడు వేయిస్తంభాల గుడి ఆవరణ ఆడవాళ్లతో నిండిపోతుంది. ఆ రాత్రి కావలసిన వెలుతురు వేరు. గోడలకంటే నేల ముఖ్యం, మెట్లు ముఖ్యం, పక్కవాళ్ల మొహాలు కనిపించడం ముఖ్యం. నేలలో పాతిన లైట్లు ఆ రోజు చీరల కిందికి వస్తాయి, కళ్లలోకి కొడతాయి, వేడెక్కిన అద్దం పాదాలకు తగులుతుంది. అందుకే ముందు నుంచే రెండు సర్క్యూట్లు ఉండాలి: మామూలు రాత్రులకు ఒకటి, జాతర రాత్రులకు ఒకటి. రెండోదానిలో కింది లైట్లు ఆరిపోయి, ప్రహరీ వైపు నుంచి పైనుంచి దిగే వెలుగు పెరుగుతుంది. బతుకమ్మ మీది గునుగు, తంగేడు పూల రంగులు తేలాలన్నా ఆ వెలుగుకు రంగు చూపే సూచిక ఎక్కువుండాలి. శివరాత్రికీ ఇదే అమరిక పనికొస్తుంది. ఆ రోజుల్లో అదనంగా కట్టే సీరియల్ లైట్ల కోసం రాతికి తగలని చోట కొన్ని ప్లగ్ పాయింట్లు ముందే ఇస్తే, శిల్పాల మెడలకు వైర్లు చుట్టే అవసరం రాదు.

సామాను కొనేముందు ఒక పని చేయడం అన్నిచోట్లా మంచి పద్ధతి. నాలుగైదు లైట్లు అరువు తెచ్చి, నిజమైన స్తంభం మీద, నిజమైన చీకట్లో, రెండు మూడు కోణాల్లో పెట్టి చూడటం. కంప్యూటర్లో వేసిన బొమ్మ పాలిష్ చేసిన డోలరైట్ మెరుపును సరిగ్గా చూపదు, ఎదుటి దుకాణం బోర్డును అసలే చూపదు. ఈ ట్రయల్‌కు ఇంజినీర్లతో పాటు గుడి అర్చకుడు, పురావస్తు శాఖ మనిషి, ఆ వీధిలో ఉండేవాళ్లు ఇద్దరు ముగ్గురు రావాలి. వీధి దీపాలు ఒకసారి ఆర్పి, ఒకసారి వెలిగించి రెండు విధాలా చూడాలి. అక్కడ లక్స్ మీటరుతో తీసుకున్న కొలతలే టెండరులో షరతులుగా మారితే, పని పూర్తయిన రోజున వాటితోనే సరిపోల్చుకుని బిల్లు చెల్లించవచ్చు.